మోంబ్రాక్ కోట ఎక్కిన పూటకూళ్ళమ్మ

దోర్దోన్ నది ఒడ్డున లా పెరాద్ అనే ఊళ్ళో ఒర్తాన్స్ పూటకూళ్ళ ఇల్లు తెలియనివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఆవిడ వెల్లుల్లి చారు తాగడానికి పారిస్ నించి కూడా వచ్చేవాళ్ళు. చారుకెంత పేరో ఆవిడ నోటికీ అంత పేరు. పొద్దున్నే కాఫీ కూజా బల్లమీద పెడుతూ "ఇవాళ ఎటు వెళ్తున్నారండీ?" అని మొదలుపెట్టేది. వాళ్ళు ఏదో చెప్పబోయేలోపే, "అక్కడికెందుకు! ముందు మోంబ్రాక్ కోట ఎక్కండి. తూర్పు బురుజు మీంచి చూస్తే నది వెండి మొలతాడులా కనిపిస్తుంది. దిగొచ్చాక అడవిదున్నల గుహ. అక్కణ్ణించి పడవ..." అంటూ ఎక్కడ ఎండ పడుతుందో, ఎక్కడ నీడ ఉంటుందో, ఏ రాయి మీద కూచుని భోజనం చెయ్యాలో అన్నీ చెప్పేది. వినేవాళ్ళు చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయేవాళ్ళు. తరవాత వాళ్ళ చేతికి రొట్టె, మేకపాల చీజు, ఉడికించిన గుడ్లు మూటగట్టి ఇచ్చి, గుమ్మం దాకా వచ్చి సాగనంపేది.

ఆ ఏడు సెప్టెంబరు నెలలో, అక్రోటు కాయలు రాలడం మొదలైన రోజుల్లో, బెల్జియం నించి ఒక పెద్దాయన భార్యతో కలిసి వచ్చి దిగాడు. వాన్‌హోవ్ గారని, రైల్వేలో చేసి రిటైరైన మనిషి. చాలా మర్యాదస్తుడు. ఆయన ఒర్తాన్స్ చెప్పినట్టే కోటకి వెళ్ళి, సాయంత్రానికి చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. భోజనాల వేళ బల్లలన్నీ నిండి ఉన్నాయి. ఒర్తాన్స్ ఆడపడుచు బ్లాండీన్ కూడా అక్కడే ఉంది. ఆవిడ పక్క ఊళ్ళో మేకలు పెంచుతుంది. చీజు ఇవ్వడానికొచ్చి ఎప్పుడూ చారు తాగిగానీ వెళ్ళదు.

"అమ్మగారూ, ఒక చిన్న మాట," అన్నాడు వాన్‌హోవ్ గారు. "ఆ తూర్పు బురుజు కోసం వెతికి వెతికి మా కాళ్ళు పడిపోయాయి. ఎక్కడుందో కాస్త చెబుతారా, రేపు మళ్ళీ వెళ్తాం."

"ఎడమచేతి వైపండీ. గుమ్మం దాటగానే మెట్లు."

"ఎడమచేతి వైపు ముళ్ళపొదలున్నాయి."

"పొదల వెనక."

"వెనక లోయ ఉందండీ."

ఒర్తాన్స్ చేతిలో గరిట ఆగిపోయింది. బ్లాండీన్ రొట్టెముక్క చారులో ముంచుకుంటూ తాపీగా అంది. "వదినా, ఆ బురుజు నా పెళ్ళికి ముందే కూలిపోయింది కదా. ఆ రాళ్ళతోనేగా కింద వంతెన కట్టారు."

వాన్‌హోవ్ గారి భార్యకి పాపం అనిపించింది కాబోలు, మాట కలుపుదామని, "మీరు చివరిసారి ఎప్పుడెక్కారండీ?" అని మెల్లిగా అడిగింది.

"చివరిసారా!" బ్లాండీన్ పకపకా నవ్వింది. "మొదటిసారి ఎప్పుడో అడగండి ముందు! మా వదిన ఈ గుమ్మం దాటితే చర్చికీ సంతకీ తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు. కోట, గుహ, పడవ, ఏదీ చూసిన పాపాన పోలేదు!"

గదంతా ఒక్కసారి గొల్లుమంది. చెడ్డ నవ్వేం కాదు, ఆప్యాయంగానే నవ్వారు. కానీ ఒర్తాన్స్ మొహం ఎర్రగా కందిపోయింది. గరిట బల్లమీద పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ ఇవతలికి రాలేదు.

మాట నిజమే. కొండమీద పల్లె నించి కోడలిగా దిగివచ్చిన నాటి నించీ ఆవిడకి ఊపిరి సలపలేదు. ఎండాకాలమంతా వచ్చేపోయే జనం. వాళ్ళ పక్కలు, వాళ్ళ వంటలు, వాళ్ళ మూటలు. జనం తగ్గాక వెళ్దామంటే అక్రోటు కోతలు. అవయ్యాక పందిని కోసుకునే పని, బాతుల్ని జాడీల్లో పెట్టే పని. ఆ తరవాత చలి, కోటకి తాళం. మొగుడు బతికున్నప్పుడు "వచ్చే ఏడు తప్పకుండా" అనేవాడు. ఆయనా పోయాడు. వంటింటి కిటికీలోంచి తలెత్తితే కోట పడమటి గోడ కనిపిస్తూనే ఉండేది. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారే, అలా అయింది. చూసొచ్చినవాళ్ళు చెప్పింది, అత్తగారు తన చిన్నతనంలో చూసి చెప్పింది, అన్నీ కలిపి ఒర్తాన్స్ తన నోట్లోనే ఒక కోట కట్టుకుంది. అందులో బురుజు ఏనాడూ కూలలేదు.

కోడలు మిరేయ్ ఎంగిలి పళ్ళేలు పట్టుకుని వంటింట్లోకొచ్చింది. "అత్తయ్యా, వాళ్ళేం మనసులో పెట్టుకుని నవ్వలేదు. రండి, ప్లమ్ పళ్ళ హల్వా అడుగుతున్నారు."

"నువ్వే పెట్టు. రేపు వంట కూడా నువ్వే చెయ్యి."

"నేనా? ఒక్కదాన్నా?" మిరేయ్ పళ్ళేలు దించడం కూడా మరిచిపోయింది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా అత్తగారు ఆమెని పొయ్యి దగ్గరికి రానిచ్చింది లేదు. ఉల్లిపాయలు తరగడం, అంట్లు తోమడం, అంతే.

"జాడీలో బాతు కాళ్ళు కొవ్వులో ఊరి ఉన్నాయి. ఎర్రగా వేయిస్తే చాలు. చారులో గుడ్డుసొన ఆఖర్న వెయ్యి, ముందు వేస్తే విరిగిపోతుంది," అని చెప్పి ఒర్తాన్స్ పెరటి గుమ్మంలోంచి ఇవతలికొచ్చింది. బ్లాండీన్ అప్పుడే వ్యాను తలుపు తీస్తోంది.

"ఏమే, రేపు నీ మేకల్ని ఎవరికైనా అప్పజెప్పిరా. నన్ను తీసుకెళ్ళు."

"ఎక్కడికి?"

"అన్నిటికీ."

బ్లాండీన్ వదిన మొహంలోకి చూసి మరింకేం నవ్వలేదు. "పొద్దున్నే వస్తా. గట్టి జోళ్ళు వేసుకో," అంది.

బ్లాండీన్ వ్యానంటే మేకల కంపు. ఆవిడ తోలడమూ మేకల్ని తోలినట్టే ఉంటుంది, మలుపుల దగ్గర అరుపే బ్రేకు. ఒర్తాన్స్ చర్చికి వేసుకునే నీలం కోటు వేసుకుని, ఒళ్ళో భోజనాల మూట పెట్టుకుని, రెండు చేతుల్తో సీటు పట్టుకుని కూచుంది. ఇన్నేళ్ళూ పరాయివాళ్ళకి కట్టిన మూట ఇవాళ తన ఒళ్ళోనే ఉండడం ఆవిడకి కొత్తగా ఉంది.

"ఎందుకే నిన్న అందరిలో అలా అన్నావు?" అని అడిగింది కొంత దూరం పోయాక.

"నా నోరు నీకు కొత్తా వదినా? చెడ్డ నోరని మా అమ్మ పురిట్లోనే చెప్పింది." ఒక మలుపు తిప్పి మళ్ళీ అంది. "అయినా మంచిదే అయింది. అనకపోతే ఇవాళ నువ్వు నా బండెక్కేదానివా?"

గుహ సున్నపురాతి కొండ అడుగున ఉంది. చిన్న ఇనప తలుపు, లోపల్నించి బావి చల్లదనం. దారి చూపించే అమ్మాయి ఒక లాంతరు పట్టుకుని ముందు నడిచింది. వెనక నలుగురైదుగురు యాత్రికులు, వాళ్ళ వెనక వదినా ఆడపడుచులు. దారి ఇరుకు. కొన్నిచోట్ల ఒర్తాన్స్ పక్కకి తిరిగి నడవాల్సొచ్చింది. "ఈ చారు తాగడం తగ్గించాలి మనం," అని వెనక నించి బ్లాండీన్ గొణిగింది.

చివరికి కాస్త విశాలమైన చోటొకటి వచ్చింది. అమ్మాయి అందర్నీ నిలబెట్టి, "గోడ ముట్టుకోకండి. చూస్తూ ఉండండి," అని లాంతరు నేలకి దగ్గరగా దించింది.

ఒర్తాన్స్‌కి ముందు వట్టి గోడే కనిపించింది. గతుకుల గోడ, మధ్యలో కడుపులా ఉబ్బిన రాయి. లాంతరు కొంచెం పక్కకి జరిగింది. ఆ ఉబ్బు మీద నల్లటి గీత ఒకటి తేలింది. దాన్ని పట్టుకుని కళ్ళు పోతే మూపురం, వంచిన తల, కొమ్ములు, చిన్న కన్ను. అడవిదున్న! లాంతరు మెల్లిగా ఇటూ అటూ ఊగుతుంటే నీడ జరిగి, ఆ కడుపు నిండి, తగ్గి, మళ్ళీ నిండింది.

"ఊపిరి పీలుస్తోందే!" అని గట్టిగా అనేసింది ఒర్తాన్స్.

ఎవరూ నవ్వలేదు. అమ్మాయి చిరునవ్వుతో, "అవునండీ. వేసినవాడికి కావలసిందీ అదే అనుకుంటాను. ఈ రాయి ముందే ఇలా ఉంది. అతను వీపూ తలా మాత్రం కలిపాడు," అంది.

ఒర్తాన్స్ ఒళ్ళు జలదరించింది. ఎవడో మహానుభావుడు ఈ చీకట్లోకి పాక్కుంటూ వచ్చి, కొవ్వు దీపం ఎత్తిపట్టుకుని ఈ రాయిని చూశాడు. చూసి, ఇందులో ఒక జంతువుంది, బయటికి తియ్యాలి అనుకున్నాడు. అంతకుమించి అతని గురించి ఎవరికీ ఏమీ తెలీదు. పేరు లేదు, ఊరు లేదు. చెయ్యి మాత్రం వణకలేదు. ఆ వీపు గీత ఒక్క ఊపులో, ఎక్కడా తెగకుండా వచ్చింది. తను గిన్నెలోంచి పిండి తీసి రొట్టె మలిచేటప్పుడు, చెయ్యి బాగా కుదిరిన రోజున అలా ఒక్క ఊపులో వస్తుంది. అది ఏ రోజున వస్తుందో తనకే తెలీదు. ఇక్కడ గోడ పొడుగునా ప్రతి జంతువుకీ వచ్చింది. పరిగెత్తే గుర్రాలు, ఒకదాని మెడ మీద ఇంకొకటి తలవాల్చిన జింకలు. ఎంతసేపు చూసినా ఆవిడకి తనివి తీరలేదు. బ్లాండీన్ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

బయట ఎండలో ఒక రాయి మీద కూలబడింది ఒర్తాన్స్.

"ఏమైంది వదినా? కళ్ళు తిరిగాయా?"

"లేదే. ఆకలేస్తోంది."

మూట విప్పారు. రొట్టె, చీజు, పచ్చి అక్రోట్లు. కాస్త తిన్నాక ఒర్తాన్స్ అంది. "వాళ్ళూ ఇక్కడే కూచుని తిని ఉంటారు."

"ఎవరు?"

"ఆ దున్నని గీసినవాళ్ళు. లోపల అంతసేపు పనిచేసొస్తే ఎంత ఆకలేస్తుంది! వాళ్ళకెవరు వండిపెట్టారో."

"ఎవరో ఒక ఒర్తాన్స్ ఉండే ఉంటుంది," అంది బ్లాండీన్. "ఆవిడా లోపలికెళ్ళి చూసుండదు."

ఈసారి ఒర్తాన్స్‌కే నవ్వాగలేదు. నోట్లో అక్రోటు ఉండగా నవ్వి పొలమారింది.

మోంబ్రాక్ కోటకి దారి ఓక్ చెట్ల మధ్య నించి నిటారుగా పోతుంది. సగం దూరంలో బ్లాండీన్ మోకాలు మొండికేసింది. "ఇంక నావల్ల కాదు. నువ్వెక్కు. నేనిక్కడ కూచుని ఎవరైనా అడిగితే నువ్వు రోజూ ఎక్కుతావని చెబుతాను," అంటూ చెట్టుకి జారగిలబడింది.

ఒర్తాన్స్ ఒక్కతే ఎక్కింది. రొప్పుతూ, ఆగుతూ, కోటు విప్పి భుజాన వేసుకుని ఎక్కింది. గుమ్మం దాటి లోపలికి వెళ్ళి తలెత్తి చూస్తే అంతస్తుల నేలలన్నీ ఏనాడో కూలిపోయి ఉన్నాయి. ఎత్తైన గోడలు మాత్రం మిగిలాయి. ఆ గోడలకి ఒకదాని మీద ఒకటిగా రాతి చలిమంటల గూళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. ఒకప్పుడు దొరలు కాళ్ళు చాపుకుని చలి కాచుకున్న చోట ఇప్పుడు పావురాలు కాపురం పెట్టాయి. ఎడమచేతి వైపు ముళ్ళపొదలు. వాన్‌హోవ్ గారి జోళ్ళ గుర్తులు కూడా అక్కడే ఉన్నాయి. ఒర్తాన్స్ వాటిని చూసి సిగ్గుపడి కుడివైపు తిరిగింది.

అక్కడ మూడు మెట్లు దిగితే ఒక గది. అడుగుపెట్టీ పెట్టగానే అదేమిటో ఆవిడకి తెలిసిపోయింది. వంటిల్లు. ఎద్దుని నిలబెట్టి కాల్చగలిగేంత పొయ్యి. పక్కనే రొట్టెల బట్టీ నోరు, లోపల ఇటికలు ఇంకా నల్లగానే ఉన్నాయి. కిటికీ కింద రాతి తొట్టి, దాని అంచు తరతరాల చేతులు రాసుకుని రాసుకుని గుర్రపు జీనులా వంగిపోయింది. తొట్టిలో నీళ్ళు గోడలోంచి బయటికి, కొండ అంచు మీంచి గాలిలోకి పోయేలా రాతి దోనె చెక్కారు.

ఇన్నేళ్ళలో ఇంతమంది చూసొచ్చి ఎన్నో చెప్పారు. వంటింటి మాట ఒక్కరూ చెప్పలేదు! ఒర్తాన్స్ ఆ గదిలో ఇల్లు కొనడానికొచ్చిన మనిషిలా తిరిగింది. బట్టీలో తల పెట్టి చూసింది. ఎంత పనివాడో, పొగ కొంచెం కూడా గదిలోకి రాకుండా కట్టాడు. తొట్టి అంచు మీద అరచేతులు ఆనిస్తే ఆ వంపు సరిగ్గా ఆనింది. ఎన్ని చలికాలాలు ఎంతమంది ఆడవాళ్ళు ఈ మంచు నీళ్ళలో చేతులు పెట్టి నుంచున్నారో! వాళ్ళు తలెత్తితే కిటికీలోంచి కనిపించేదేమిటో చూద్దామని ఆవిడ తలెత్తింది. దొరల గదులకి లేని దృశ్యం. నది మొత్తం, ఈ చివరి నించి ఆ చివరిదాకా. "బాగా ఎంచుకున్నార్రా," అని పైకే మెచ్చుకుంది.

మిగిలిన మెట్లు ఎక్కి కోట గోడ మీదికొచ్చేసరికి గాలి తలగుడ్డ ఎగరేసుకుపోయింది. ఒర్తాన్స్ దాని వెంట చూసింది గానీ పోతే పోయిందనుకుంది. కింద నది మొలతాడులా లేదు. దేనిలాగానూ లేదు. ఆకుపచ్చగా, మందంగా, తొందరేమీ లేనట్టు కొండల్ని ఒరుసుకుంటూ పోతోంది. అవతలి గట్టు మీద ఇంకో కోట, పాత పగవాడిలా ఇటే చూస్తోంది. అక్రోటు తోటలు దువ్విన తలలా వరసలు తీరి ఉన్నాయి. ఇంతలో ఒక గద్ద రెక్కలు చాపి ఆవిడ కాళ్ళకి దిగువన, లోయలో, తేలుతూ వెళ్ళింది. దాని వీపు కనిపించింది. గోధుమరంగు, ఎండ పడ్డచోట రాగి రంగు. పుట్టిన దగ్గర్నించీ గద్దల్ని చూస్తోంది, పొట్టలే చూసింది. ఎగిరే పక్షి వీపు ఎలా ఉంటుందో ఇప్పటిదాకా తెలీదు.

దూరంగా తన ఇల్లు కనిపించింది. పొగగొట్టంలోంచి పొగ. తీగ మీద ఆరేసిన దుప్పట్లు, గోరంతేసి. మిరేయ్ దుప్పట్లు కూడా ఉతికిందన్నమాట.

"బ్లాండీన్!" అని గొంతెత్తి పిలిచింది. అవతలి కోట నించి ఆ పిలుపు తిరిగొచ్చింది. దాని వెనకే చెట్ల లోంచి బ్లాండీన్ గొంతు. "దిగి రా వదినా! లేకపోతే అద్దె అడుగుతారు!"

కిందికొచ్చేసరికి వ్యాను కదలనంది. బ్లాండీన్ తిట్టింది, బతిమాలింది, చక్రాన్ని తన్నింది. ఏమీ లాభం లేదు. రేవులో ఆన్సెల్మ్ ముసలాయన ఆ రోజుకి ఆఖరి పడవ విప్పుతున్నాడు. పూర్వం ద్రాక్షసారా పీపాలు మోసినటువంటి బల్లపరుపు పడవే, ఇప్పుడు యాత్రికుల్ని మోస్తోంది. పడవ ఎలాగూ లా పెరాద్ రేవు మీదుగానే పోతుంది. ఒర్తాన్స్ రేవులోకి దిగడం చూసి ఆయన గడ పట్టుకుని అలాగే నుంచుండిపోయాడు.

"ఏమమ్మా ఒర్తాన్స్, దారి తప్పావా?"

"తప్పలేదు. జరుగు, కూచోనీ."

"నువ్వు పంపినవాళ్ళని ఇన్నేళ్ళుగా దాటిస్తున్నాను. నువ్వొస్తావని ఒక చోటు ఖాళీ ఉంచీ ఉంచీ విసిగిపోయాను."

"పడవ మునిగేలా జనాన్ని ఎక్కించే నీ దగ్గర ఖాళీ చోటా," అని బ్లాండీన్ అందుకుంది. పడవలోవాళ్ళు నవ్వారు.

పడవ ప్రవాహంలో పడింది. నీళ్ళ మీద నించి చూస్తే కొండ ఇంకోలా ఉంది. పసుపూ బూడిదా కలిసిన రాతిగోడ సాయంత్రపు ఎండకి తేనె రంగు తిరిగింది. కొండ కడుపులో తొలిచిన ఇళ్ళు, రాయే కప్పుగా, రాయే వెనక గోడగా. కొన్నిటికి పూలకుండీలున్న కిటికీలు. ఒక కొంగ ఒంటికాలి మీద నుంచుని వాళ్ళని పోనిచ్చింది. ఆన్సెల్మ్ రోజూ చెప్పే కథ మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాడు. "అయ్యా, అమ్మా, ఈవిడుండగా నేను చెప్పడమేమిటి! ఈవిడ చెబితే వినాలి మీరు. చెప్పమ్మా, ఆ కొండ గురించి, కోట గురించి."

అందరూ ఒర్తాన్స్ వైపు తిరిగారు. ఆవిడ నోరు తెరిచింది. ఎప్పుడూ గలగలా దొర్లే మాటల్లో ఒక్కటి రాలేదు. మొలతాడు అనబోయింది, కాదు. ఆ గద్ద వీపు, వంపు తిరిగిన తొట్టి, రాయి ఊపిరి పీల్చడం. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?

"అదీ..." అంది. చెయ్యెత్తి కొండ వైపు చూపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చూడండి. అంతే."

ఆన్సెల్మ్ టోపీ తీసి పక్కన పెట్టాడు. మిగిలిన దారంతా గడ నీళ్ళలో మునిగి లేచే చప్పుడొక్కటే వినిపించింది.

ఇంటికి చేరేసరికి భోజనాలు వడ్డిస్తున్నారు. ఒర్తాన్స్ అలవాటుగా వంటింటి వైపు పోబోతే, వాన్‌హోవ్ గారు లేచి తన బల్ల దగ్గర కుర్చీ లాగి నుంచున్నాడు. చెదిరిన జుట్టుతో, బురద జోళ్ళతో ఆవిడ కూచుంది. మిరేయ్ వచ్చి అత్తగారి ముందు చారు పెట్టింది.

"బురుజు దొరికిందా అమ్మగారూ?" అన్నాడాయన.

"లేదండీ. వంటిల్లు దొరికింది," అంది ఒర్తాన్స్. ఇక ఆ వంటింటి సంగతి ఆపకుండా చెప్పింది. ఈసారి మాటలు వెతుక్కుంటూ, చేతుల్తో కొలతలు చూపిస్తూ. మధ్యలో ఒక చెంచా చారు తాగి, కోడలి వైపు తిరిగి, "ఉప్పు సరిపోయింది," అంది. మిరేయ్ గోడకి ఆనుకుని గుండెల నిండా గాలి పీల్చుకుంది.

అంట్లు తోముతున్నప్పుడు మిరేయ్ తల ఎత్తకుండా అడిగింది. "గుహలో నిజంగా గుర్రాలున్నాయా అత్తయ్యా?"

"నువ్వు ఈ జిల్లాలోనే పుట్టావుగా. బళ్ళో ఉన్నప్పుడు తీసుకెళ్ళలేదా?"

"అప్పుడు నాకు జ్వరం. తరవాత ఇక్కడికొచ్చాను. ఇక్కడికొచ్చాక..." మిరేయ్ నవ్వేసింది. "మీకు తెలుసుగా."

ఒర్తాన్స్ చేతిలో పళ్ళెం తుడిచిందే తుడుస్తూ నుంచుంది. "గురువారం నాడు జనం తక్కువ," అంది చివరికి. "బ్లాండీన్ వ్యాను అప్పటికి బాగవుతుంది. అడవిలో జలపాతం ఉందిగా, దానికి వెళ్ళిరా. ముందు జలపాతం, గుహ వచ్చే వారం. అన్నీ ఒక్క రోజున చూడకు, నాలాగా. తట్టుకోలేం."

గురువారం మిరేయ్ వెళ్ళింది. ఆ జలపాతం అడవి లోపల్లోపల ఉంది, ఒర్తాన్స్ కూడా ఇంకా చూడలేదు. మధ్యాహ్నం దాటాక వాన పడింది. సాయంత్రం మిరేయ్ జుట్టంతా తడిసి, మోకాళ్ళ దాకా బురదతో, పెరటి గుమ్మంలో నుంచుంది. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి గానీ మొహం వెలిగిపోతోంది.

"కూచో. ముందు ఏదన్నా వేడిగా తాగు," అంది ఒర్తాన్స్.

మిరేయ్ కూచోలేదు. "అత్తయ్యా, నీళ్ళ వెనక దారుంది! నీళ్ళు పడుతుంటే, వాటి వెనక రాయి లోపలికి ఉంది. అక్కడ నుంచోవచ్చు. నుంచుంటే..." చెప్పలేక రెండు చేతులూ గాలిలో పైనించి కిందికి దించింది.

"నుంచుంటే?" అంది ఒర్తాన్స్ గరిట పట్టుకుని దగ్గరికొచ్చి. "నుంచుంటే ఏం కనిపించిందే? సరిగ్గా చెప్పు."

మిరేయ్ తడి బట్టలతోనే చెప్పడం మొదలుపెట్టింది. అత్తగారు ఒక్కో మాటకీ మధ్యలో అడ్డొచ్చి, ఎంత ఎత్తు, ఏ రంగు, చప్పుడెలా ఉంది అని అడుగుతూనే ఉంది. పొయ్యి మీద చారు పొంగి నిప్పుల్లో పడి చుయ్యిమనేదాకా ఇద్దరిలో ఒక్కరూ అటు తిరిగి చూడలేదు.